మందంగా ఉన్న మూతే ఎందుకు పగిలింది

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటకు డ్రిప్ వేసిన ప్రతి రైతుకూ మోటారు దగ్గర ఉండే ఫిల్టర్‌తో పని పడుతూనే ఉంటుంది. నీటితో పాటు వచ్చే ఇసుకా చెత్తా డ్రిప్పర్లలోకి చేరకుండా ఆపేది అదే కాబట్టి, కొన్ని రోజులకొకసారి దాని మూత తిప్పి, లోపలి జాలీని తీసి కడిగి, మూతను మళ్లీ బిగించవలసి ఉంటుంది. ఆ మూతను మేము తయారు చేస్తాం. చౌటుప్పల్ దగ్గర, విజయవాడ రహదారికి కొద్ది దూరంలో, కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి వస్తువులు చేసే ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్లు రెండింటితో నడిచే చిన్న కార్ఖానా మాది. ఆ ఒక్క మూతను సరిచేయడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఏమేం మార్చామో, ఏది ఎందుకు పని చేసిందో ఇదే పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

ఎండాకాలం మొదట్లో గుర్రంపోడు వైపు నుంచి ఒక పెద్దాయన యూరియా సంచిలో పదకొండు పగిలిన మూతలు తెచ్చి నా బల్ల మీద పోశారు. "పోయిన సాలు పగులుతున్నయంటే ఈసారి మందం జేసినమన్నరు. మందంగున్నయే ఇంకా ఎక్కువ పగులుతున్నయి సారూ" అన్నారు. ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు. అంతకు ముందు ఏడాది ఫిర్యాదులు వచ్చినప్పుడు మేము చేసిన పని అదే: మరలు ఉండే పక్కగోడను మూడున్నర మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్లకు పెంచి, పైకప్పును మాత్రం రెండున్నర మిల్లీమీటర్ల దగ్గరే వదిలేశాం. గోడ మందమైతే మూత గట్టిపడుతుందని నమ్మాం, ఆ నమ్మకాన్ని పరీక్షించి చూడాలన్న ఆలోచన మాకు రాలేదు.

ఆ సాయంత్రం పదకొండు మూతలనూ వరసగా పేర్చి, గేటు మచ్చ ఒకే వైపుకు వచ్చేలా తిప్పి పెట్టాను. గేటు మచ్చ అంటే కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరిన చోట మిగిలే చిన్న గుర్తు. మా పాత డైలో, అంటే ఉక్కు అచ్చులో, అది పక్కగోడ అంచున ఉండేది. అలా పేర్చగానే పదకొండింటిలో తొమ్మిది పగుళ్లు సరిగ్గా గేటుకు ఎదురుగా, గోడ మీద నిలువుగా ఉన్నాయని కనిపించింది. రైతు ఎక్కువ బిగించడం వల్లనో, ఎండకు పెళుసెక్కడం వల్లనో పగిలితే పగులు ఎక్కడైనా రావచ్చు. పట్టుబట్టి ఒకే చోట వస్తోందంటే దాని మూలం మా అచ్చులోనే ఉందన్న మాట.

మర్నాడు షార్ట్ షాట్లు తీశాం. అచ్చు నిండేలోపే ఇంజెక్షన్‌ను ఆపేసి, సగం నిండిన మూతను, ముప్పాతిక నిండిన మూతను, నిండడానికి కాస్త తక్కువైన మూతను వేరువేరుగా బయటికి తీయడమే ఈ పద్ధతి. అచ్చు నిండాక కూడా ప్లాస్టిక్‌ను నెట్టి ఉంచే హోల్డింగ్ ప్రెషర్‌ను పూర్తిగా తీసేసి, ఇంజెక్షన్ దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు, అరగంట సమయం చాలు. మామూలుగా లోపల, కళ్లకు కనిపించకుండా రెండు సెకన్లలో జరిగిపోయే ప్రవాహం దశలవారీగా గడ్డకట్టి మన బల్ల మీదికి వస్తుంది. మా మూతల్లో కనిపించింది ఇది: ప్లాస్టిక్ పైకప్పు మీదికి పాకడం మానేసి, మందమైన గోడ వెంట రెండు వైపులా చుట్టుకుంటూ, గుర్రపు లాడం ఆకారంలో ముందుకు పరుగెత్తింది. దాదాపు నిండిన మూతలో రెండు కొసలూ గేటుకు ఎదురుగా కలుసుకున్నాయి, పైకప్పు మీద మాత్రం నెలవంకంత ఖాళీ మిగిలి ఉంది. ఆ ఖాళీలోని గాలికి బయటపడే దారి లేదు. కొన్ని మూతల మీద కనిపించే గోధుమరంగు కాలిన మచ్చ, అక్కడ చిక్కి నలిగి వేడెక్కిన గాలి పెట్టిన వాత.

కరిగిన ప్లాస్టిక్ ఎక్కడ దారి వెడల్పుగా ఉంటే అక్కడికే వేగంగా పోతుంది. రెండు ప్రవాహాలు కలిసే చోట వాటి ముందు అంచులు అప్పటికే కొంత చల్లబడి ఉంటాయి. అణువుల గొలుసులు ఒకదానిలోకి ఒకటి పూర్తిగా అల్లుకోవు. ఆ అతుకునే వెల్డ్ లైన్ అంటారు. మూతను బిగించినప్పుడు గోడ చుట్టూ సాగుడు బలం పడుతుంది, నిలువుగా ఉన్న అతుకును ఆ బలం నేరుగా విడదీస్తుంది. అంటే గోడను మందం చేసి మేము ప్లాస్టిక్‌ను ఆ దారిలోనే ఇంకా త్వరగా పరుగెత్తించి, అతుకును కచ్చితంగా బలం ఎక్కువ పడే చోటికి చేర్చాం.

మందం తెచ్చిన చేటు అక్కడితో ఆగలేదు. హాక్సాతో ఒక మూత గోడను అడ్డంగా కోసి చూస్తే, మధ్యలో ఆవగింజంత బుడగలు కనిపించాయి. మేము వాడేది పాలీప్రొపిలీన్. అచ్చులో చల్లబడేటప్పుడు అది సుమారు ఒకటి నుంచి రెండున్నర శాతం వరకు కుంచించుకుపోతుంది. మందమైన గోడలో బయటి పొర ముందు గట్టిపడుతుంది. ఆ తర్వాత లోపలి ప్లాస్టిక్ కుంచించుకుంటూ బయటి పొరను లోపలికి లాగితే పైన సింక్ మార్కు అనే గుంట పడుతుంది, బయటి పొర లొంగకపోతే లోపలే ఖాళీ ఏర్పడుతుంది. ఇక సమయం సంగతి. చల్లబడడానికి పట్టే సమయం మందంతో పాటు సమానంగా పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల గోడకు 9 పాళ్లు పడితే 5 మిల్లీమీటర్ల గోడకు 25 పాళ్లు పడుతుంది. మా సైకిల్, అంటే అచ్చు మూసినప్పటి నుంచి మూతలు తీసి మళ్లీ మూసే దాకా పట్టే సమయం, 55 సెకన్లు ఉండేది, అందులో మూడింట రెండు వంతులకు పైగా కేవలం చల్లబడే వరకు ఎదురుచూడడమే.

అందుకని మూతను కాగితం మీద మళ్లీ గీశాం. గోడకూ పైకప్పుకూ ఒకే మందం, 3 మిల్లీమీటర్లు. బలం కోసం గోడ బయట నిలువు రిబ్బులు (సన్నని గట్లు), వాటి మొదట్లో మందం 1.8 మిల్లీమీటర్లు, అంటే గోడలో 60 శాతం. అంతకు మించితే రిబ్బు ఉన్న చోట గోడ వెనుక గుంట పడే ప్రమాదం ఉంది. ఆ రిబ్బుల వల్ల తడిచేత్తో తిప్పినా మూత జారదు, కాబట్టి రైతుకు పైప్ రెంచి అవసరం తగ్గుతుందని కూడా అనుకున్నాం. గోడ, పైకప్పు కలిసే లోపలి మూల పాత డైలో కత్తితో కోసినట్టు పదునుగా ఉండేది. దాన్ని ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రంగా చేశాం, ఎందుకంటే పదునైన మూలలో బలం అంతా ఒక్క గీత మీద పోగవుతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా గేటును అంచు నుంచి పైకప్పు నడిమధ్యకు మార్చాం. అప్పుడు ప్లాస్టిక్ గొడుగు విప్పుకున్నట్టు అన్ని వైపులకూ సమానంగా పాకి, గోడ దిగి, అంచు దగ్గర ఆగుతుంది. గాలి ఆ అంచు దగ్గరే, అచ్చు రెండు భాగాలు కలిసే చోట బయటికి పోతుంది. గోడ మీద రెండు ప్రవాహాలు ఎదురుపడే చోటంటూ ఉండదు.

మా డై చేసేది బాలానగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న ఒక పెద్దమనిషి. బొమ్మ చూసి ఆయన మొదట ఒప్పుకోలేదు. "పగులుతున్నదని మీరే మందం జేయించిన్రు, ఇప్పుడు సన్నం జేయమంటున్నరు. మళ్ల నా మీదికి రాకున్రి" అన్నారు. షార్ట్ షాట్ల వరసను ఆయన ముందు పెట్టాను. లాడం ఆకారంలో ఉన్నదాన్ని చాలాసేపు వేళ్లతో తడిమి చూసి, "ఇది ముందే జూపియ్యొద్దా" అన్నారు. గేటును నడుమకు మార్చాలంటే మూడు పలకలుగా విడిపోయే త్రీ ప్లేట్ డై కావాలి, ఖర్చు పెరుగుతుంది. మూత లోపలి ఆకారాన్నిచ్చే, మరలు చెక్కిన పాత కోర్‌ను అలాగే ఉంచి, బయటి ఆకారాన్నిచ్చే క్యావిటీ ఇన్సర్టులు రెండూ (డైలో ఒకేసారి రెండు మూతలు వస్తాయి) కొత్తవి చేయిద్దామన్నది ఆయన సలహానే. అందులో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. గోడ పలచబడితే కుంచించుకోవడం తగ్గుతుంది, కాబట్టి పాత కోర్ మీద కొత్త మూత లోపలి కొలత కాస్త పెద్దగా వస్తుంది. సరిచేయాలంటే కోర్ నుంచి కొద్దిగా ఉక్కు తీస్తే చాలు. ఉక్కును కోయడం సులువు, కోసిన చోట మళ్లీ చేర్చడం కష్టం. అందుకే నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ‘ఓ రింగు’ కూర్చునే చోట తుది కొలతను అప్పుడే నిర్ణయించకుండా, మెషీన్ మీద ప్రయోగాలు పూర్తయ్యాక కోద్దామని ఇద్దరం అనుకున్నాం. ఈ వరసను నేను చాలా ముఖ్యమనుకుంటాను. సెట్టింగులు స్థిరపడకముందే డైని కొలతకు తెస్తే, తర్వాత ఆ కొలతను నిలబెట్టడానికి సెట్టింగులను వంచవలసి వస్తుంది.

కొత్త డై ఎక్కించే ముందు, అచ్చును చల్లబరిచే నీళ్ల సంగతి చూశాం. మా ప్రాంతపు బోరు నీళ్లు ఎంత గట్టివో ఇక్కడ ఇంట్లో కుండ చూసినా తెలుస్తుంది. కోర్ లోపలి నీటి దారుల్లో అదే సున్నపు పొర పేరుకుపోయి ఉంది. సున్నపు పొర ఉక్కుతో పోలిస్తే వేడిని ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది కాబట్టి, పొర పలుచగా ఉన్నా అచ్చు చల్లబడడం మందగిస్తుంది. ఒక బకెట్టూ గడియారమూ పెట్టుకుని కొలిస్తే, కోర్ నుంచి నిమిషానికి రెండు లీటర్ల నీళ్లు కూడా రావడం లేదు. సిట్రిక్ యాసిడ్ కలిపిన నీటిని చిన్న పంపుతో ఒక రాత్రంతా తిప్పాక ఏడు లీటర్లకు పెరిగింది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం బకెట్టు కొలత తప్పనిసరి చేశాం.

తర్వాత మెషీన్ సెట్టింగుల పని. అంతవరకు మా దగ్గర సెట్టింగు అంటే అనుభవమున్న ఆపరేటర్ చేతి అలవాటే. షార్ట్ వస్తే (అచ్చు పూర్తిగా నిండకపోతే) ప్రెషర్ పెంచడం, ఫ్లాష్ వస్తే (అచ్చు సందుల్లోంచి ప్లాస్టిక్ పొంగితే) తగ్గించడం, అంటుకుంటే కూలింగ్ పెంచడం. రాత్రి షిఫ్టు వాళ్లు మార్చింది పొద్దున వచ్చినవాళ్లకు తెలిసేది కాదు. ఈసారి ఒక్కొక్కటీ కొలిచి నిర్ణయించాం. ముందు ఇంజెక్షన్ వేగం: నెమ్మది నుంచి వేగానికి మెట్లుమెట్లుగా పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర అచ్చు నిండే సమయాన్నీ అప్పటి ప్రెషర్‌నూ రాసుకుని, ఆ రెండింటినీ గుణించి గ్రాఫ్ గీశాం. వేగం పెరిగే కొద్దీ కరిగిన ప్లాస్టిక్ పలచబడుతుంది కాబట్టి గీత మొదట నిటారుగా దిగి, తర్వాత చదునవుతుంది. ఆ చదును భాగంలో వేగం ఎంచుకుంటే, దానాలో (ప్లాస్టిక్ గింజల్లో) గానీ వేగంలో గానీ చిన్నచిన్న తేడాలు వచ్చినా ప్రవాహం పెద్దగా మారదు. ఆ వేగంతో అచ్చును 95 శాతానికి పైగా నింపి, అక్కడ హోల్డింగ్‌కు మారేలా పెట్టాం.

హోల్డింగ్ ఎంతసేపు ఉండాలన్నది తేల్చడానికి త్రాసు చాలు. గ్రాములో వందో వంతు చూపే త్రాసు ఒకటి కొన్నాం. హోల్డింగ్ సమయాన్ని ఒక్కో సెకను పెంచుతూ, రన్నర్‌ను (గేటు దాకా ప్లాస్టిక్ వచ్చే దారిలో గడ్డకట్టే కాడను) తీసేసిన మూతలను తూచాం. మొదటి సెకన్లలో బరువు స్పష్టంగా పెరిగింది, నాలుగో సెకనుకు పెరుగుదల సన్నగిల్లింది, ఐదు దాటాక త్రాసు ఒకే అంకె దగ్గర నిలిచింది. అంటే ఐదు సెకన్లకు గేటు గడ్డకట్టి మూసుకుపోతోంది, ఆ తర్వాత ఎంత నెట్టినా లోపలికి ఏమీ పోదు. అంతకు ముందే ప్రెషర్ తీసేస్తే లోపలి ప్లాస్టిక్ వెనక్కి జారి, ఒక్కో మూత ఒక్కో కొలతకు వస్తుంది. మేము ఆరు సెకన్లకు స్థిరపరచాం. మొత్తం పనిలో నాకు బాగా నచ్చినది ఈ పరీక్ష.

ఇంకా మిగిలిన సమస్య మూత కోలగా మారడం. మరలను తిప్పి విప్పకుండా, మూతను నెట్టే స్ట్రిప్పర్ ప్లేటుతో కోర్ మీద నుంచి లాగేస్తాం. పాలీప్రొపిలీన్ సాగుతుంది, మరలు గుండ్రంగా ఉన్నాయి, కాబట్టి లాగడానికి వీలవుతుంది. కానీ తగినంత చల్లబడకముందే లాగితే మూత కోలగా మారి ఓ రింగు దగ్గర నీళ్లు కారుతాయి. ఎక్కువ చల్లబరిస్తే కోర్‌ను బిగబట్టి మరలు గీరుకుంటాయి. దీని మీద మూడు సెట్టింగుల ప్రభావం ఉండవచ్చని అనుకున్నాం: ప్లాస్టిక్ కరిగే గొట్టమైన బ్యారెల్ ఉష్ణోగ్రత 215 లేదా 240 డిగ్రీలు, మెషీన్ గేజీ మీద హోల్డింగ్ ప్రెషర్ 35 లేదా 55 బార్, కూలింగ్ 12 లేదా 18 సెకన్లు. ఒక్కోదానికి రెండు స్థాయిలు కాబట్టి మొత్తం ఎనిమిది కలయికలు, ఎనిమిదీ నడిపాం.

ఒక్కటొక్కటిగా మార్చి చూస్తే సరిపోదా అని మా ఆపరేటర్ అడిగాడు. చాలామంది అడిగే ప్రశ్నే అది, దానికి జవాబు పొలాల్లో పుట్టింది. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్, ఒక మడికీ ఇంకో మడికీ నేలలోనే తేడా ఉన్నప్పుడు ఎరువు ప్రభావాన్ని ఎలా వేరుచేసి చూడాలన్న దాని మీద పని చేస్తూ, అనేక అంశాలను ఒక పథకం ప్రకారం కలిపి మార్చడం, ఏ మడికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించడం అనే పద్ధతులను స్థిరపరిచారు. అంశాలు పెరిగితే కలయికలు విపరీతంగా పెరుగుతాయి. నాలుగు అంశాలకు మూడేసి స్థాయిలంటే 81. వాటిలో ఏ తొమ్మిది నడిపితే ఒక్కో అంశం ప్రభావం సమతూకంగా కనిపిస్తుందో చెప్పే ఆర్థోగొనల్ అరేలు అనే పట్టికలకు 1940లలో గణిత పునాది వేసినవారు మన తెలుగువారైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. వాటినే తర్వాత జపాన్‌లో తగూచి అనే ఇంజినీరు పరిశ్రమల్లోకి తీసుకుపోయారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో రావుగారి పేరుతో ఒక పరిశోధనా సంస్థ ఉంది. అయినా మూడు అంశాలే ఉన్నప్పుడు చిన్న పట్టికలకు పోకుండా ఎనిమిదీ నడపడమే మేలని నా అభిప్రాయం. ఒక అంశం ప్రభావం ఇంకో అంశం మీద ఆధారపడితే, కుదించిన పట్టికలో ఆ సంగతి వేరే ప్రభావంతో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

మా మొదటి ప్రయత్నం చెడిపోయింది, తప్పు నాది. బ్యారెల్ ఉష్ణోగ్రత మారి కుదురుకోవడానికి సమయం పడుతుందని 215 డిగ్రీల షాట్లన్నీ పొద్దునా, 240 డిగ్రీలవన్నీ మధ్యాహ్నమూ తీశాం. ఉష్ణోగ్రత పెరిగితే మూత కోలగా మారుతోందని తేలింది. రెండు రోజులు అదే నమ్మాను. మూడో రోజు నీటి తొట్టిలో థర్మామీటర్ పెట్టి చూస్తే పొద్దున 27 డిగ్రీలున్న నీరు మే నెల ఎండకు మూడు గంటల వేళ 34 డిగ్రీలైంది. మేము కొలిచింది బ్యారెల్ వేడినో, నీటి వేడినో చెప్పడానికి వీల్లేకపోయింది. ఫిషర్ చీటీలు తీయమన్నది సరిగ్గా ఇందుకే. రెండోసారి ఎనిమిది చీటీలు రాసి ఒక డబ్బాలో వేసి, ఆపరేటర్ చేత తీయించి, ఆ వరసలోనే నడిపాం. రెండు రోజులు పట్టింది. ప్రతి మార్పు తర్వాత మెషీన్ కుదురుకునే దాకా మొదటి పాతిక షాట్లు వదిలేసి, తర్వాతి ఐదు షాట్ల నుంచి పది మూతలు పక్కన పెట్టి, క్యావిటీ సంఖ్యతో సహా గుర్తు వేశాం. పాలీప్రొపిలీన్ అచ్చు నుంచి బయటికి వచ్చాక కూడా కుంచించుకుంటూనే ఉంటుంది కాబట్టి 48 గంటలు ఆగాకే కొలిచాం.

బ్యారెల్ ఉష్ణోగ్రత ప్రభావం దాదాపు లేదు. 240 దగ్గర గేటు నుంచి సన్నని తీగలు సాగాయి, కాబట్టి 215 ఖాయం చేశాం. అసలు సంగతి మిగతా రెండింటిలో ఉంది. 35 బార్ దగ్గర, 12 సెకన్లకే తీసిన మూతలో పొడవు వ్యాసానికీ పొట్టి వ్యాసానికీ 0.4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది, 18 సెకన్లకు అది 0.2కు తగ్గింది. 55 బార్ దగ్గర మాత్రం 12 అయినా 18 అయినా 0.15 చుట్టుపక్కలే ఉంది. బాగా కూరిన మూత తక్కువగా కుంచించుకుంటుంది, కోర్‌ను గట్టిగా పట్టుకోదు, అందుకే త్వరగా లాగినా వంకరపోదు. ఒక్కటొక్కటిగా మార్చి ఉంటే, పాత అలవాటు కొద్దీ 35 బార్ దగ్గర మొదలుపెట్టి, కూలింగ్ 18 కావాలని తేల్చుకుని, దాన్ని అక్కడే బిగించి, ఆ తర్వాత ప్రెషర్ పెంచి కొద్దిపాటి మేలు చూసి తృప్తిపడేవాళ్లం. 55 బార్, 12 సెకన్ల కలయిక దగ్గరికి మేము ఎప్పటికీ చేరేవాళ్లం కాదు. ఆ 6 సెకన్ల వల్ల కొత్త డై మీద సైకిల్ 30 నుంచి 24 సెకన్లకు దిగింది. రెండు క్యావిటీల డైతో గంటకు 300 మూతలు, పాత డై మీద 130 వచ్చేవి.

అప్పుడు కోర్‌ను విప్పి బాలానగర్ పంపి, ఓ రింగు చోట తుది కొలతకు కోయించాం. మూత బరువు 49 గ్రాముల నుంచి 37కు తగ్గింది, లక్ష మూతలకు 1,200 కిలోల దానా మిగులు. ఆపరేటర్ మెషీన్ తలుపుకు లోపలి వైపు ఒక కాగితం అంటించాడు. ఒక్కో సెట్టింగుకూ అంకెతో పాటు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా మార్చవచ్చో, మార్చితే ఎందుకు మార్చాడో రాసే గడి ఉంది. ఆ గడి నిండడమే నాకు అన్నింటికన్నా సంతోషం.

ఎండలో పెళుసెక్కే సమస్య ఇంకా తేలలేదు. ఎండను తట్టుకోవడానికి కలిపే నల్లపొడి కార్బన్ బ్లాక్‌ను రెండు వేరువేరు పాళ్లలో కలిపిన మూతలను కార్ఖానా రేకుల మీద తీగకు గుచ్చి వేలాడదీశాం. గుర్రంపోడు పెద్దాయనకు పది కొత్త మూతలు ఇచ్చి, తోటలో వాడమని చెప్పాను. మొదటిదాన్ని అక్కడే పైప్ రెంచితో బలం కొద్దీ బిగించి చూసి, తిప్పి తీసి, గేటుకు ఎదురుగా ఉండే చోటును బొటనవేలితో రుద్దారు. "ఇప్పుడు గేటు నడుమనుంది కదా, ఎదురంటే ఎక్కడ సూడాలె" అని అడిగారు.